గుమ్మం దాకా

ఆ ఏడాది మా కాలేజీవాళ్ళు నాకొక చెల్లెల్ని అంటగట్టారు. అంతకుముందు ఏళ్ళలో కొత్తగా చేరిన పిల్లలు దసరా సెలవులకి ఇళ్ళకెళ్ళి మరి తిరిగి రావడం మానేశారని, క్లాసుల్లో బెంచీలు ఖాళీ అయిపోయాయని యాజమాన్యం ప్రిన్సిపాల్ గారికి గడ్డి పెట్టిందట. దాంతో రెండువేల పదహారు ఆగస్టులో మెంటరింగ్ అని ఒకటి మొదలెట్టారు. సెకండియర్ అమ్మాయి అక్క, ఫస్టియర్ అమ్మాయి చెల్లి, ఇద్దరికీ ఒకే గది. చెల్లికి పాఠం అర్థం కాకపోతే అక్క చెప్పాలి. ఏడిస్తే ఊరుకోబెట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, పారిపోకుండా చూసుకోవాలి. అందుకు అక్కకి హాస్టల్లో మంచం, భోజనం ఉచితం. చెల్లి కాలేజీ వదిలేసిందా, అక్క మంచం వేరే అమ్మాయికి పోతుంది.

"మీ చెల్లి నిలబడితే మీరూ నిలబడతారు" అన్నారు నరసింగరావు సార్. ఇంజినీరింగ్ డ్రాయింగ్ చెప్పుకుంటూ ఆయన మానాన ఆయనుంటే, ఈ అక్కాచెల్లెళ్ళ గోల కూడా ఆయన నెత్తినే పెట్టారు పాపం. ఆయన ధైర్యం చెబుదామనే అన్నారు గానీ నాకు మాత్రం గుండె జారిపోయింది.

ఎందుకంటే ఆ మంచం లేకపోతే నాకు చదువు లేదు. మాది నరసన్నపేటకి దిగువన, సముద్రం ఒడ్డున ఉన్న పేట. కాలేజీ శ్రీకాకుళం అవతల హైవే పక్కన. ల్యాబ్ ముగించుకుని, రెండు బస్సులు మారి మా రోడ్డు మీద దిగేసరికి చీకటి పడిపోతుంది. అక్కణ్ణుంచి పేట దాకా సరుగుడు తోటల మధ్య నడక. పొద్దువాలితే అక్కడ సారా తాగేవాళ్ళదే రాజ్యం. మొదటి ఏడాది హాస్టల్‌కి మా అమ్మ చెవుల దిద్దులు అయిపోయాయి. రెండో ఏడాదికి ఇంట్లో అమ్మడానికి ఏమీ మిగల్లేదు. మా అయ్య గుజరాత్ వెళ్తూ వెళ్తూ తేల్చి చెప్పేశాడు.

"ఆస్టల్లో ఉంటే సదువుకో. రోజూ తిరిగేటట్టయితే మానీ. నానేమో ఊర్లో ఉండను. సీకట్లో నీకు ఎదురొచ్చీదెవుడు?"

మా అయ్య అసిరయ్య తండేలు. అంటే బోటుకి పెద్ద. ఏటా ఆగస్టులో మా పేట మగాళ్ళని వెంటబెట్టుకుని రైలెక్కి గుజరాత్‌లో వేరావల్ పోతాడు. అక్కడి సేఠుల బోట్ల మీద వేట చేసి, మళ్ళీ ఎండాకాలానికి తిరిగొస్తారు. మొదటిసారి వచ్చేవాడు ఎవడైనా ఉంటే తండేలు వాడి ఇంటికెళ్ళి, గుమ్మం బయటే నిలబడి, వాళ్ళమ్మతో ఒక మాట చెప్తాడు. "నీ బిడ్డని నాను తీసుకెల్తన్నాను. నానే తెచ్చి నీ గుమ్మంలో అప్పజెప్తాను." అంతే. ఎంత సంపాదిస్తాడు, ఏం నేర్చుకుంటాడు, ఆ సంగతులేమీ ఎత్తడు. తిరిగొచ్చిన రోజు తన ఇంటికి వెళ్ళకముందే ఒక్కొక్కణ్ణీ గుమ్మం దాకా దింపుతాడు. తల్లి చెంబుతో నీళ్ళు తెచ్చి కొడుకు కాళ్ళ మీద పోస్తుంది. అప్పజెప్పినవాడు మాత్రం ఆ గడప దాటకూడదు, మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. ఎందుకని చిన్నప్పుడు అడిగితే "అంతే, అలగే" అనేవారు. అందరూ అయ్యాక తండేలు తన ఇంటికొస్తాడు. అప్పుడు మా అమ్మ లక్ష్మణమ్మ ఆయన కాళ్ళ మీద నీళ్ళు పోస్తుంది. ఊహ తెలిసినప్పటినుంచీ నేను చూస్తున్న అప్పగింత అదొక్కటే.

అందుకే శ్రీలలిత వచ్చిన రోజు నా నోట్లోంచి ఆ మాట దానంతటదే వచ్చేసింది.

శృంగవరపుకోట నుంచి అమ్మానాన్నలతో దిగింది ఆ పిల్ల. ఒక ట్రంకుపెట్టె, పచ్చళ్ళ జాడీలు, నడుం దాటిన జడ. వాళ్ళ నాన్న అనంతపద్మనాభం గారు అక్కడొక ప్రైవేటు బళ్ళో తెలుగు మాస్టారు, పొద్దున్నా సాయంత్రం గుళ్ళో సేవ. పంచె, ఖద్దరు కండువా, నుదుట బొట్టు. హాస్టల్ వరండాలో ఆయన్ని చూసి పిల్లలు కిసుక్కుమంటే నేను గుడ్లురిమాను. నవ్వుతూ పోయి నా చెల్లికి బెంగ పెట్టారంటే పోయేది నా మంచం కదా.

"నువ్వేనా అమ్మాయీ మా పిల్లకి పెద్దదిక్కు?" అన్నారాయన.

ఆయన పక్కన చూడామణి గారు కూతురి చెయ్యి వదల్లేక నిలబడి ఉంది. ఆవిడ కళ్ళు చూశాక నేను గుమ్మం బయటికి జరిగి, మా అయ్య నిలబడినట్టే నిలబడి చెప్పాను. "అమ్మా, మీ బిడ్డని నాను తీసుకెల్తన్నాను. నానే తెచ్చి మీ గుమ్మంలో అప్పజెప్తాను."

చూడామణి గారు కొంగు కళ్ళకద్దుకుంది. మాస్టారు పొంగిపోయారు. "ఆహా, ఎంత మాటన్నావమ్మా! ఇంజినీరుగా తెచ్చి అప్పజెప్పు, చాలు" అన్నారు. నేను తలూపాను. ఆ ఇంజినీరు మాట నాది కాదని ఆ క్షణాన నాకు తట్టలేదు.

శ్రీలలిత ఏడ్చే రకం కాదు. ఏడ్చేదాన్నయితే రెండు తిట్టి, రెండు బుజ్జగించి దారికి తెచ్చుకుందును. ఇది నోరెత్తదే! పొద్దున్నే లేచి స్నానం చేసి, క్లాసుకి రమ్మంటే వచ్చి, కూర్చోమన్నచోట కూర్చునేది. మెస్సులో ఉల్లిపాయ, గుడ్డు తగలని వస్తువంటూ ఉండదు కదా, పెరుగన్నంలో ఇంటి మాగాయ కలుపుకుని నాలుగు ముద్దలు తిని లేచేది. గేటుకి తాళం పడ్డాక కిటికీ ఊచలు పట్టుకుని హైవే కేసి చూస్తూ నిలబడేది. అక్కణ్ణుంచి విజయనగరం బస్సులు కనిపిస్తాయి. బోర్డు చదవడానికి వీలుగా ప్రతి బస్సూ మా హాస్టల్ ముందే నెమ్మదిస్తుంది, దాని దుంప తెగ.

"ఏటే అలగ సూస్తన్నావు?" అనడిగాను.

"ఏం లేదక్కా. ఇందులో ఏదో ఒకటి ఎస్.కోట దాకా వెళ్తుంది కదా అని."

"ఎల్తాది. నువ్వెల్లవు. దా, డ్రాయింగ్ షీటు పూర్తి చెయ్యి."

ఆ డ్రాయింగే ఆ పిల్ల ప్రాణం తోడేసింది. ఒక వస్తువుని పైనుంచి చూస్తే ఎలా ఉంటుంది, పక్కనుంచి చూస్తే ఎలా ఉంటుంది అని గీయాలి. దానికి కనిపించదు. ఎంత చెప్పినా కనిపించదు. అరచేతులు చెమటలు పట్టి కాగితం తడిసిపోయేది. "గోడలన్నీ దగ్గరికి వచ్చేస్తున్నట్టుంటుందక్కా ఆ క్లాసులో" అంది ఒకసారి. నేను వినిపించుకోలేదు. షీట్లు నేనే గీసిపెట్టాను. ల్యాబ్ రికార్డు నేనే రాశాను. దాని మార్కులు నా మార్కుల కంటే బాగా వచ్చాయి, నాకే నవ్వొచ్చింది.

ఒక్క పనిలో మాత్రం దానికి ప్రాణం లేచొచ్చేది. వాచ్‌మన్ జోగయ్య కూతురు అమ్మడని ఒక చిన్నపిల్ల ఉండేది, బడికి పొమ్మంటే గేటెక్కి కూర్చునే రకం. సాయంత్రాలు శ్రీలలిత మెట్ల మీద కూర్చుని చింతపిక్కలతో దానికి కూడికలు చెప్పేది. తప్పు చెప్తే తిట్టేది కాదు. "మళ్ళీ పోగెయ్యి, చూద్దాం" అనేది. జోగయ్య ఎంత కొట్టినా కదలని ఆ గుంట, నెల తిరక్కుండా పలక పట్టుకుని తనే వెతుక్కుంటూ వచ్చేది. అప్పుడు శ్రీలలిత నవ్వగా చూశాను. చూసి సంతోషించానా అంటే, లేదు. ఈ నవ్వే నా కొంప ముంచేటట్టుందిరా దేవుడా అనుకున్నాను.

అనుకున్నంతా అయింది. వినాయక చవితి వెళ్ళాక ఒక సాయంత్రం పక్కన కూర్చుని చెప్పింది. ఇంటర్ అవగానే టీచర్ ట్రైనింగ్ పరీక్ష కూడా రాసిందట. ర్యాంకు వచ్చిందట. రెండో విడత సీట్లు ఆ నెలాఖరుకి ఇస్తారట, విజయనగరంలోనే దొరకవచ్చట.

"మీ నానికి సెప్పినావా?"

"చెప్పాను. పలక బలపం ముట్టుకున్నావంటే చూడు అన్నారు. పాతికేళ్ళు బళ్ళో పాఠాలు చెప్తే ఆయనకి మిగిలింది గొంతునొప్పేనట. పిల్లలు కూడా వెనకాల పిలక పంతులు అంటారు. నేను ఆ బతుకు బతకకూడదట." నా వైపు తిరిగి అంది. "నాకా బతుకే కావాలక్కా. నేను వెళ్ళిపోతాను. నువ్వొక్క సంతకం పెడితే సర్టిఫికెట్లు ఇచ్చేస్తారట కదా?"

నిజమే. పదోతరగతి నుంచీ ఉన్న అసలు సర్టిఫికెట్లన్నీ కాలేజీ ఆఫీసు బీరువాలో ఉంటాయి. సెప్టెంబరు లోపల మానేస్తే, అక్క సంతకం, సార్ సంతకం చూసి తిరిగి ఇచ్చేస్తారు. అక్టోబరు వచ్చిందా, నాలుగేళ్ళ ఫీజూ కడితే గానీ బీరువా తెరవరు. ఈ రెండో సంగతి కొత్తపిల్లలకి ఎవరూ చెప్పరు. అక్కలకి చెప్పారు.

దాని మొహం కేసి చూశాను. నా మంచం కేసి చూశాను. నల్లులున్న మంచమే, కానీ నాది.

"దసరా దాకా ఓపిక పట్టు" అన్నాను. "సెలవులకి నీతోటి నానూ మీ ఇంటికొస్తాను. నానే మీ నానికి నచ్చజెప్తాను. అప్పుడు ఇద్దరం కలిసి సర్టిఫికెట్లు తీసుకుందాం."

ఆ ఏడాది దసరా అక్టోబరులో పడింది.

"నిజంగా వస్తావా అక్కా?" అంది. ఎంత గట్టిగా నా చెయ్యి పట్టుకుందో! ఆ రోజునుంచి క్లాసుకి పిలవక్కర్లేకపోయింది. మెస్సులో నాలుగు ముద్దలు ఎక్కువ తింది. కిటికీ దగ్గర నిలబడటం మానేసింది. నరసింగరావు సార్ నన్ను పిలిచి "భేష్ దుర్గా, మిగతా అక్కలు నిన్ను చూసి నేర్చుకోవాలి" అన్నారు. నా ఒంటి మీద తేళ్ళూ జెర్రులూ పాకినట్టయింది.

ఆ వారంలోనే మా అమ్మ ఫోన్ చేసింది. చేపల బజారులోంచి చేసిందేమో, చుట్టూ గోల. "ఒసే దుర్గా, మీ అయ్య వస్తన్నాడంట. ఆదోరం బేగి రాయే" అని పెట్టేసింది.

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. వేట మొదలై నెలన్నా కాలేదు, తండేలు తిరిగి రావడమేమిటి! దెబ్బ తగిలిందో, జబ్బు చేసిందో. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి పేటకి వెళ్ళేసరికి మా వీధి మొదట్లో జనం గుమిగూడి ఉన్నారు. ఎవరూ ఏడవడం లేదు, నవ్వుతున్నారు.

మా అయ్య నడిచొస్తున్నాడు. ఆయన వెనకాల సంచి భుజాన వేసుకుని లక్ష్ముడు. ఆరడుగుల మనిషి, వల లాగితే ఇద్దరి పెట్టు. ఒడ్డున వేట చేసేవాడు, ఆ ఏడే మొదటిసారి గుజరాత్ వెళ్ళాడు. తల దించుకుని, మా అయ్య అడుగులో అడుగేసుకుంటూ వస్తున్నాడు.

"అసిరయ్య మావా, పెల్లికూతుర్ని దిగబెడతన్నావేటి?" అని ఎవడో కేకేశాడు. వీధంతా గొల్లుమంది.

మా అయ్య లక్ష్ముడి ఇంటి ముందు ఆగి, గడప బయటే నిలబడి, వాళ్ళమ్మని పిలిచాడు. "ఇదిగో నీ బిడ్డ. తీసుకెల్లినాను, తెచ్చినాను." ఆవిడ చెంబు తెచ్చి నీళ్ళు పోసింది. లక్ష్ముడు ఆ గుమ్మంలోనే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నవ్వేవాళ్ళు నెమ్మదిగా సర్దుకున్నారు.

తర్వాత మా ఇంటికొచ్చాడు మా అయ్య. గుమ్మం ముందు నిలబడ్డాడు. అమ్మ కదల్లేదు. పొయ్యి ముందు కూర్చుని పుల్లలు విరుస్తోంది. నీళ్ళు తేలేదు. ఆయన కాసేపు చూసి, గాబు దగ్గరికి పోయి తనే కాళ్ళు కడుక్కున్నాడు. నా ఎరుకలో అలా ఎన్నడూ జరగలేదు.

"బోటేదీ?" అంది అమ్మ, వెనక్కి తిరక్కుండానే.

"సేటు ఇంకోడికి ఇచ్చీసినాడు."

"ఆణ్ణి రైలెక్కించి అంపీలేకపోయినావా? నువ్వు దిగబడిపోవాలేటి?"

"ఆడికి బాస రాదు, దారి తెలీదు. మాటిచ్చినాను కదే. నానే అప్పజెప్తానన్నాను."

"ఊర్లో అందరి బిడ్డల్నీ అప్పజెప్తావు!" అమ్మ చేతిలో పుల్ల ఫెళ్ళున విరిగింది. "నీ బిడ్డని ఎవుడికి అప్పజెప్తావు? దాని సదువేటవుద్ది? ఈ ఏడు మనం ఏటి తింతాం, ఇసకా?"

నాకూ ఒళ్ళు మండిపోయింది. "అవునయ్యా, అంత మనిషికి ఏటయిందని?" అని నిలదీశాను. "సముద్రం సూడనోడా ఆడు?"

"మన ఏటకి పొద్దున్నెల్తే మాపటికి వచ్చీడమేనే. ఆడ రోజులకి రోజులు నేల కనపడదు. నేల కనపడకపోతే ఆడికి ఊపిరాడదు." మా అయ్య గోడకి జేరబడి చెప్పాడు. "మొదట్లో నానూ ఇడిసిపెట్టలేదు. రేపెల్దాంరా, ఒడ్డు కాడికొచ్చీసినాంరా అని అబద్దాలాడినాను. ఆడు నమ్మినాడు. నమ్మి, బుద్దిగా తిండి తిన్నాడు. పని సేసినాడు. నన్ను సూసి నవ్వుతాడు కూడాను. అది సూడలేకపోయినానే."

అమ్మ ఏదో అంటూనే ఉంది. నాకు మరి వినపడలేదు. కలిపిన అన్నం కంచంలోనే వదిలేసి బస్సుకి లేచాను.

సాయంత్రం హాస్టల్‌కి వచ్చేసరికి శ్రీలలిత నా డ్రాయింగ్ బోర్డు తుడిచి పెట్టి ఉంది. మంచం మీద దుప్పటి మార్చింది. "వచ్చావా అక్కా? మీ నాన్నగారు బావున్నారా? దసరా ఇంకెంతో లేదు కదూ" అంది నవ్వుతూ.

నేను సంచి కింద పెట్టాను.

"దసరా దాకా ఉంటే నీ సర్టిఫికెట్లు రావు" అన్నాను. "ఈ నెల దాటితే నాలుగేళ్ళ ఫీజు అడుగుతారు."

అది నవ్వుతూనే ఉంది కాసేపు. తర్వాత ఆ నవ్వు పోయింది.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి ఇప్పుడెందుకు చెప్తున్నావు?"

"పెట్టె సర్దు" అన్నాను. 

ఆ రాత్రే అది పెట్టె సర్దేసుకుంది. పొద్దున్న ఆఫీసు తెరవగానే ఇద్దరం నరసింగరావు సార్ బల్ల ముందు నిలబడ్డాం. ఆయన కళ్ళజోడు తీసి నావైపు చూశారు.

"దుర్గా, ఈ సంతకం పెడితే నీ గది..."

"తెలుసు సార్" అని మధ్యలోనే అందుకున్నాను. శ్రీలలిత పక్కనే ఉంది, ఆయన మాట పూర్తి కావడం నాకిష్టం లేదు.

"ఇంట్లో చెప్పారా? పెద్దవాళ్ళు నా మీదకి వస్తే?"

"రారు సార్. నానే తీసుకెల్లి గుమ్మంలో అప్పజెప్తాను. మీ పేరు రానీను."

ఆయన చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుని, చివరికి సంతకం పెట్టారు. నేనూ పెట్టాను.   నా ఏడాది గణితం, నా కెమిస్ట్రీ, అన్నీ ఆ సంతకంతో పోయాయి.

విజయనగరంలో బస్సు మారాం. ఎస్.కోట దారిలో కొండలు కనిపించాక శ్రీలలిత మొదటిసారి నోరు విప్పింది.

"నేను వచ్చేస్తే నీకేం నష్టం లేదు కదక్కా?"

"నాకేటవుద్ది? ఇంకో సెల్లినిస్తారు. నీలాటి మూగదాన్ని కాకుండా వాగుడుకాయని ఇమ్మంటాను" అన్నాను. అది నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది. హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ దాన్ని అంత గాఢంగా నిద్రపోగా నేను చూడలేదు.  నాకేమో ఊరు దగ్గరపడే కొద్దీ మాస్టారు ఏమంటారో అనే ధ్యాస.

వాళ్ళది గుడి వీధిలో పెంకుటిల్లు. వాకిట్లో నీళ్ళ గోలెం. మమ్మల్ని చూసి చూడామణి గారు చేటలో బియ్యం అలాగే వదిలేసి లేచింది. మాస్టారు గుడికి బయల్దేరుతున్నారు, చేతిలో తాళాల గుత్తి. ట్రంకుపెట్టె చూడగానే ఆయనకి అర్థమైపోయింది.

నేను గడప బయటే ఆగాను. మా అయ్య అన్నట్టే అన్నాను. "అమ్మా, ఇదిగో మీ బిడ్డ. తీసుకెల్లినాను, తెచ్చినాను."

"ఇదేమిటమ్మాయీ?" మాస్టారి గొంతు పైకి లేచింది. "నేను నీకు అప్పజెప్పింది చదివించమని, తిరిగి తెమ్మని కాదు. నిన్ను ఎంత నమ్మాను! మాట తప్పావు."

నాకు కోపం వచ్చింది. నా మంచం పోగొట్టుకుని ఇంత దూరం వస్తే మాట తప్పానంటారా!

"తప్పలేదు మాస్టారూ. నానేటన్నాను? తీసుకెల్తాను, తెచ్చి అప్పజెప్తాను అన్నాను. ఇంజినీరు మాట నాది కాదు, అది మీరన్నారు. మీ పిల్లకి ఆడ ఊపిరాడటం లేదు. ఊపిరాడని మనిసిని ఉంచీమని మాకు మా పెద్దోలు నేర్పలేదు."

ఆయన గుత్తిలో తాళాలు ఒక్కొక్కటే జరుపుతూ నిలబడ్డారు. పాఠం చెప్పే మనిషి కదా, ఎవరు ఏ మాటన్నారో మనసులో మళ్ళీ వల్లె వేసుకున్నట్టున్నారు.

"అవును" అన్నారు చివరికి. "ఆ మాట నేనే అన్నాను."

కూతురి వైపు చూడకుండా గుడికేసి వెళ్ళిపోయారు. శ్రీలలిత అలవాటు కొద్దీ గోలెం దగ్గరికి వెళ్ళి చెంబు ముంచింది. చూడామణి గారు ఆ చెంబు లాక్కుని, తనే కూతురి కాళ్ళ మీద నీళ్ళు పోసింది. వీళ్ళకీ ఉందే ఈ పద్ధతి అని ఆశ్చర్యపోయాను.

"నువ్వూ రా తల్లీ, లోపలికి రా. భోజనం చేసి వెళ్దువుగాని" అంది ఆవిడ.

నేను కదల్లేదు. ఆవిడ ఏమనుకుందో, నా దగ్గరగా వచ్చి మెల్లిగా అంది. "మొహమాటపడకమ్మా, మాకలాంటి పట్టింపులు లేవు."

"మీకు లేవమ్మా, నాకున్నాయి" అన్నాను. "మేం దిగబెట్టిన గుమ్మం దాటం." దండం పెట్టి తిరిగి చూడకుండా వచ్చేశాను. బస్టాండు దాకా ఏడుస్తూనే నడిచాను, ఎవరు చూస్తే నాకేం!

మర్నాడు హాస్టల్ ఖాళీ చేశాను. వెయిటింగ్‌లో ఉన్న అమ్మాయి అప్పటికే పరుపు చుట్టతో వరండాలో నిలబడి ఉంది. అమ్మడు గేటెక్కి కూర్చుని "లలితక్క మరి రాదా?" అనడిగింది. "బడికెల్లు, అక్కడుంటాది" అని కసిరాను. మధ్యాహ్నం ఇంటికి ఫోన్ చేసి, జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పాను. మా అయ్య అంతా విని "ఊఁ" అన్నాడు.  అయిపోయింది నా చదువు అనుకున్నాను.

మా రోడ్డు మీద బస్సు దిగేసరికి పొద్దు వాలిపోయింది. సరుగుడు తోటలోంచి తాగినవాళ్ళ కేకలు వినిపిస్తున్నాయి. పెట్టె కింద పెట్టి రోడ్డు మీదే నిలబడ్డాను. అప్పుడు కల్వర్టు మీద బీడీ నిప్పు కనిపించింది.

"ఒసే, దిగినావా?" అని లేచాడు మా అయ్య. పెట్టె అందుకుని నెత్తిన పెట్టుకున్నాడు. టార్చి నా చేతికిచ్చాడు. కొంత దూరం నడిచాక అడిగాడు. "అప్పజెప్పినావా?"

"ఊఁ."

"గడప దాటనేదు కదా?"

"నేదు. తినమన్నారు గానీ తిననేదు."

ఆయన ముందు నడుస్తున్నాడు, మొహం కనపడలేదు. తాగినవాళ్ళ పక్కనుంచి వెళ్తుంటే "ఎవుడ్రా అది?" అన్నారు వాళ్ళు. "అసిరయ్యని. నా కూతురు కాలేజీ నుంచొస్తంది" అన్నాడు గట్టిగా.

"ఏ కాలేజీ అయ్యా?" అన్నాను, ఉక్రోషంగా. "ఆస్టల్ పోయింది. రోజూ తిరిగితే మానీమన్నావు నువ్వే."

"నానుండనని అలగన్నాను." పెట్టె ఇటునుంచి అటు మార్చుకున్నాడు. "ఇప్పుడున్నాను కదే. తెల్లారగట్ల ఒడ్డున ఏటకెల్తాను. మాపటికి ఏటి పనుంటాది నాకు? ఈడొచ్చి కూకుంటాను."

 ఆయన బోటు పోయిందని నేనే కదా మొన్న నిలదీశాను.

ఇంటి దగ్గరికొచ్చాం. దీపం వెలుతుర్లో అమ్మ చేపల బుట్టలు కడుగుతోంది. మా అయ్య పెట్టె దించి, సొంత ఇంటి గడప బయటే నిలబడ్డాడు. నేనూ నిలబడ్డాను.

"ఒసే లచ్చనమ్మా" అని పిలిచాడు. "నా బిడ్డని ఎవుడికి అప్పజెప్తానని అడిగినావు కదా. ఇదిగో, నీకే. రేపు తీసుకెల్తాను, మళ్ళీ మాపటికి తెస్తాను."

అమ్మ చేతులు తుడుచుకుంది. గాబు దగ్గరికి వెళ్ళింది. గొణుక్కుంటూనే చెంబు ముంచుకొచ్చి నా కాళ్ళ మీద నీళ్ళు పోసింది. చెంబులో ఇంకా సగం ఉన్నాయి. కాసేపు అలాగే పట్టుకుని నిలబడి, మిగిలినవి మా అయ్య కాళ్ళ మీద కుమ్మరించింది.